తాటాకు పైసలు

పిల్లలకు డబ్బు సంగతి ఆటలో పెట్టి నేర్పాలని ఎవరైనా చెబితే నేను తల ఊపి ఊరుకుంటాను. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా పనిచేశాను. ఆ పద్ధతిలోనే నేర్పాను. మంచి పద్ధతే, కాదనను. కానీ ఆ మాట చెవిన పడితే చాలు, నాకు తెలియకుండానే మోకాళ్ళు దగ్గరికి లాక్కుంటాను. ఎందుకంటే ఆ ఆట నాకు చిన్నప్పుడు మరీ బాగా వచ్చింది. అది బాగా వచ్చిన పాపానికి ఏడాదికి పైగా ఒక చెక్క అంగట్లో, గల్లాపెట్టెకూ ఉప్పు బస్తాకూ మధ్య ఇరుక్కుపోయాను.

మా నాయన తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లెలో, మిషన్ వాళ్ళ ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. నాకు పదేళ్ళు నిండుతుండగా అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. రూపాయికి పదహారు అణాలు అనుకున్న లోకం ఒక్కసారిగా రూపాయికి నూరు పైసలు అనుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ళకు మతులు పోయాయి. నూరును పదహారుతో భాగిస్తే సరిగ్గా తెగదు గదా. అందుకని సర్కారు వాళ్ళు ఒక పట్టీ అచ్చేసి పంపారు. ఒక అణాకు ఆరు పైసలు, రెండు అణాలకు పన్నెండు, మూడు అణాలకు పంతొమ్మిది, నాలుగు అణాలకు ఇరవై అయిదు. దాన్ని పిల్లల చేత వల్లె వేయిస్తే సాయంత్రానికి మర్చిపోతున్నారని మా నాయన ఇంటి వసారాలో అంగడి ఆట మొదలుపెట్టాడు.

తాటాకును కత్తెరతో కత్తిరించి పైసలు చేశాడు. ఒక పైసా గుండ్రం. రెండు పైసలకు అంచున వంకులు. అయిదు పైసలు నాలుగు పలకలు. పది పైసలకు మళ్ళీ వంకులే, కాకపోతే పెద్దది. బడి పిల్లలు పదిమంది పోగయ్యేవాళ్ళు. ఇసక చక్కెర, గులకరాళ్ళు బెల్లం, సరుగుడు కాయలు వక్కలు. ఒకరు అంగడి మనిషి, తక్కినవాళ్ళు కొనేవాళ్ళు. అంగడి మనిషి కళ్ళు మూసుకుని, చేతిలో పడిన తాటాకు ముక్కను తడిమి, ఎంతో చెప్పి, చిల్లర తిరిగివ్వాలి. తప్పితే లేచి ఇంకొకరికి చోటివ్వాలి. నేను కూర్చుంటే లేచేదాన్ని కాదు. మా ఇద్దరు అన్నలూ నా మీద పళ్ళు నూరేవాళ్ళు.

ఒకరోజు ఆ ఆటలోనే నాకు ఒక సంగతి తట్టింది. నాలుగు అణాల బెల్లం ఒక్కసారిగా కొంటే ఇరవై అయిదు పైసలివ్వాలి. అదే అణాది, మళ్ళీ అణాది, మళ్ళీ అణాది అని నాలుగుసార్లు కొంటే ఆరు చొప్పున ఇరవై నాలుగే. ఒక పైసా మిగులు. ఆ మాట చెప్పేసరికి మా నాయన చేతిలో కత్తెర కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. గుళ్ళో ఆరాధన అయ్యాక పాస్టరుగారికి కూడా చెప్పాడు. పొంగిపోయాను. నా తెలివే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ఆ మాట మా అత్త చెవిన కూడా పడింది. అత్త అంటే మా నాయనకు పెద్దక్క. పిల్లల్లేరు. మామ పోయి అప్పటికి ఆరేళ్ళు. కృష్ణపట్నం దగ్గర కాలవ రేవులో చిన్న అంగడి పెట్టుకుని బతికేది. కట్టెల పడవలు, ఉప్పు పడవలు అక్కడ ఆగేవి. పడవ వాళ్ళే ఆమె బేరం. బీడీలు, అగ్గిపెట్టెలు, బొరుగులు, కిరసనాయిలు. ముఖం చూడకుండా, నాణెం వైపు కూడా చూడకుండా, బొటనవేలితో తడిమి గల్లాపెట్టెలో వేసే మనిషి. కొత్త పైసలు ఆమె బొటనవేలిని దెబ్బతీశాయి. పాత బేడా, అంటే రెండు అణాల బిళ్ళ, నాలుగు పలకలే, కొత్త అయిదు పైసలూ నాలుగు పలకలే. అణాకు అంచున వంకులు, పది పైసలకూ వంకులే. రెండు రోజులు అంగడి మూసిపెట్టి ఏడ్చిందట.

ఈస్టరు ఆదివారం మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నేను కళ్ళు మూసుకుని తాటాకు పైసలు చెబుతుంటే గడప మీద కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది. లేచేటప్పుడు మా నాయనతో అంది.

"పిల్లను నాతో పంపించు నాయనా. నెల రోజులు చాలు. నాకీ పైసలు వంటబట్టిందాకా."

నాకు అయిదో తరగతి అయిపోయింది. జూన్‌లో నెల్లూరులో ఆడపిల్లల బోర్డింగు స్కూల్లో ఆరో తరగతిలో చేరాలి. అది నాకు మా నాయన ఇచ్చిన మాట. నా కోసం నీలం రంగు రేకు పెట్టె కూడా కొన్నారు. అందులో నా రెండు గౌన్లు మడతపెట్టి, తీసి, మళ్ళీ మడతపెట్టి రోజుకు నాలుగుసార్లు చూసుకునేదాన్ని. నెల రోజులే గదా, సెలవులే గదా అన్నాడు నాయన. ఆ పెట్టె పట్టుకునే అత్త వెంట వెళ్ళాను.

అంగడి అంటే నాలుగు వైపులా చెక్కలు, పైన తాటాకు. ముందు వైపు ఒక అడ్డపలక. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా దాని కింద దూరాలి. ఆ దూరే చోట అత్త ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. ఆమె లేస్తే తప్ప నేను కదలడానికి లేదు. ఒంటికి పోవాలన్నా అడగాలి. ఒక పక్క ఉప్పు బస్తా, ఒక పక్క గల్లాపెట్టె, వెనక కిరసనాయిలు డబ్బా. ఎండ ఎక్కితే ఆ వాసనకు తల తిరిగేది. ఎదురుగా కాలవ, కాలవ మీద పడవలు. పొద్దున ఒకటి ఉత్తరంగా పోతే సాయంత్రం ఒకటి దక్షిణంగా పోతుంది. కాలవ నీళ్ళకున్న దారి నాకు లేకపోయిందే అని కడుపు మండేది.

పగలు డబ్బు పని నాది. సాయంత్రం అత్తకు పాఠం. మా నాయన కట్టిచ్చిన తాటాకు పైసల మూట విప్పి అడ్డపలక మీద పోసేదాన్ని. నేను కొనే మనిషిని, ఆమె అంగడి మనిషి. కళ్ళు మూసుకోమని, చేతిలో పైసా పెట్టి, ఇదెంతత్తా అని అడిగేదాన్ని. మొదట్లో నిజంగానే తడబడింది. పది రోజులు పోయాక కూడా తడబడింది. బేడా అనేది, అణా అనేది, నాలిక కరుచుకునేది. విసుక్కుంటే నవ్వి, నా బుర్రలో బంకమన్నే మే, అనేది. నేను తల కొట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నేర్పితే నేను బయటపడతాను. అంత పట్టుదలగా ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఏ పిల్లకూ నేర్పలేదు.

ఆ తెలివైన బేరం నేనొక్కదాన్నే కనిపెట్టాననుకున్నాను గానీ, పడవ వాళ్ళు కూడా కనిపెట్టారు. అణా బొరుగులు తీసుకుని ఆరు పైసలిచ్చి, పక్కకు తిరిగి మళ్ళీ అణా బెల్లం అడిగేవాళ్ళు. అలా నాలుగుసార్లు. పట్టీ ప్రకారం తప్పు కాదు గనక నేను తీసుకునేదాన్ని. అత్త ఏమీ అనేది కాదు. పళ్ళ బిగువున మెడ నరం ఒకటి కదిలేది. అది తమలపాకు నమలడం అనుకున్నాను.

జూన్ మొదట్లో మా నాయన వచ్చాడు. నా పెట్టె సర్ది, దాని మీదే కూర్చుని ఉన్నాను. ఆయన లోపలికి రాకుండా అడ్డపలక బయటే నిలబడి, అత్తకు పైసలు వచ్చినాయా అని నన్నే అడిగాడు. వచ్చాయని అబద్ధం చెప్పి ఉండవచ్చు. పంతులు కూతురిని, అబద్ధం చెప్పకూడదని పెంచారు. రాలేదన్నాను. ఈ యేడు పోతే పోయిందిలే, చిన్నదానివే గదా, మీ అత్త ఒక్కతే ఎట్లా అవస్థ పడుతుంది అని చెప్పి, నా తల నిమిరి, ఎండ ముదరకముందే వెళ్ళిపోయాడు. నా జైలు కాగితం మీద నేనే సంతకం చేశాను. ఆ సాయంత్రం తాటాకు పైసలు పోసి, ఇదెంతో చెప్పు అని నేను అరిస్తే అత్త చాలా మెత్తగా, బేడానా పాపా, అంది.

వానలు పట్టాక నాకు జ్వరం వచ్చింది. అంగడి వెనక గోనెపట్టా కట్టిన మూలలో పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, ప్రార్థన చేసి, ముందుకు వెళ్ళి కూర్చుంది అత్త. గాలివానకు పడవలు కదలక రేవు నిండా జనం. నేను లేను, ఈమె ఎట్లా నెట్టుకొస్తుందో అని పడుకునే బెంగపడ్డాను. అప్పుడు వినపడింది. ఒకతను రూపాయిచ్చి మూడు అణాల సరుకు తీసుకున్నాడు. గల్లాపెట్టెలో గలగల, అడ్డపలక మీద టకటక. ఎనభై ఒకటి, సరి చూసుకో అంది అత్త. అతను పైసా తక్కువుందన్నాడు. తక్కువ లేదు, నీ బొటనవేలి కింద ఉండాది చూడు అంది. అతను నవ్వాడు. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. ఒక్కసారి కూడా ఆగలేదు, తడుముకోలేదు.

నాకు జ్వరంలోనే సంతోషం ఉప్పొంగింది. నేర్పేశాను అనుకున్నాను. ఇక నన్ను పంపేస్తారు అనుకున్నాను. మూడో రోజు జ్వరం తగ్గి, లేచి కూర్చుని, మూట విప్పి, పది పైసల తాటాకు అత్త చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని తడిమింది. వేళ్ళు వంకుల మీద తిరిగాయి.

"అణా గదమే ఇది," అంది.

అప్పుడు తెలిసింది. ఆమెకు వచ్చు. ఎప్పుడో వచ్చు. వచ్చిందని ఒప్పుకుంటే నేను వెళ్ళిపోతాను.

అప్పుడే అడిగి ఉండవచ్చు. అడగలేదు. ఆరు నెలలు అడగలేదు. పొద్దున్నే నా తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసేది. కమ్మర్‌కట్టు మిఠాయి డబ్బాలో రోజూ నాకొకటి తీసి పెట్టేది. రాత్రి దీపం ఊదేముందు ప్రార్థనలో, ఈ బిడ్డను నాకిచ్చినందుకు స్తోత్రం ప్రభువా, అనేది. ఇచ్చింది ఎవరు, తీసుకున్నది ఎవరు అని నాకు కోపం ముంచుకొచ్చేది. ఆమె చెడ్డదయితే ఎంత బాగుండేదో. కొట్టి ఉంటే, తిట్టి ఉంటే పారిపోయేదాన్ని. సాయంత్రం కాగానే మూట విప్పేవాళ్ళం. ఆమె తెలియనట్టు తప్పు చెప్పేది, నేను తెలియనట్టు దిద్దేదాన్ని. ఆట అయిపోయి, ఆట వేషం మాత్రం మిగిలింది. క్రిస్మస్‌కు మా ఊరి పిల్ల ఒకత్తి నెల్లూరు బోర్డింగు నుంచి సెలవులకు వచ్చి, నన్ను చూడ్డానికి రేవుకొచ్చి, కాలవ గట్టున నిలబడి నాకు ఇంగ్లీషు అక్షరాలు చదివి వినిపించింది. నేను అడ్డపలక లోపల నిలబడి విన్నాను.

మళ్ళీ మే నెలాఖరుకు మా నాయన వచ్చాడు. ఈసారి నేనే అన్నాను, నన్నడగొద్దు నాయనా, నువ్వే కూర్చుని చూడు అని. ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. నేను అత్తను పీట దగ్గర జరగమని, అడ్డపలక కింద దూరి బయటికి వచ్చి, కొనే మనిషిలా నిలబడ్డాను. ఈసారి కూడా పోతే ఇక బడి లేదని నాకు తెలుసు. పన్నెండు దగ్గర పడుతున్న ఆడపిల్లను ఆరో తరగతికి ఎవరూ పంపరు.

మామూలు ఆటే మొదలుపెట్టాను. అత్త అయిదు పైసలను బేడా అంది. రెండు పైసలను అర్ధణా అంది. మా నాయన గడ్డం రుద్దుకున్నాడు. అప్పుడు కళ్ళు తెరవమని చెప్పి, అణా బొరుగులు ఇవ్వమన్నాను. నిజం బొరుగులే పొట్లం కట్టింది. ఆరు తాటాకు పైసలు పెట్టాను. ఎండ ఎక్కువగా ఉందని, మీ పడవ ఎప్పుడు కదులుతుందని, పడవ వాళ్ళ మాటలు మాట్లాడాను. నవ్వింది. అణా బెల్లం అన్నాను, ఆరు పెట్టాను. అణా వక్కలు అన్నాను, ఆరు పెట్టాను. అణా శెనక్కాయలు. ఆరు పెట్టి, నాలుగు పొట్లాలూ ఒళ్ళో వేసుకుని పక్కకు తిరిగాను.

"ఇంకో పైసా పెట్టి పో," అంది అత్త వెనక నుంచి. గొంతు కటువుగా ఉంది. "పావలా సరుకు తీసుకుని ఇరవై నాలుగిచ్చి పోతావా. ఏడాదిగా చూస్తానే ఉండా మీ ఎత్తులు."

పడవ వాళ్ళ మీద ఏడాదిగా దాచుకున్న కోపం అది. నా మీద పడింది. పడ్డాక ఆమెకు తెలిసింది ఏమన్నదో. నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను మా నాయన వైపు తిరిగాను. ఆశ్చర్యపోతాడు, అక్క మీద కోప్పడతాడు, నన్ను దగ్గరికి తీసుకుంటాడు అనుకున్నాను. ఆయన తల ఎత్తలేదు. చెప్పు కొసతో ఇసకలో గీత గీస్తున్నాడు. ఆ గీత చూసేసరికి నాకు మిగతాదంతా అర్థమయింది. ఏ పిల్లకు లెక్క వచ్చో, ఏ పిల్ల రానట్టు నటిస్తుందో బడిలో ఒక్క చూపుతో కనిపెట్టే మనిషి. అక్క సంగతి ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. పోయిన జూన్‌లోనే తెలుసు. ఇద్దరు మగపిల్లల ఫీజులకే జీతం చాలడం లేదు. అక్కకు పైసలు రాకపోవడం ఆయనకు కూడా కలిసొచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఆట ఆడుతుంటే నేనొక్కదాన్నే నిజంగా పాఠం చెబుతున్నాను.

"నాకు నెలలోనే వచ్చేసింది పాపా," అంది అత్త. "నువ్వు పోతావని రాలేదన్నా."

పలికితే ఏడుపు వచ్చేది, ఏడిస్తే వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు ఓదార్చేవాళ్ళు. అది ఇష్టం లేదు. అత్త బోర్డింగుకు ఎంతవుతుందని మా నాయనను అడిగింది. ఆయన ఇసక వైపు చూస్తూనే చెప్పాడు. ఆమె గల్లాపెట్టె లాగి, అడుగున ఉన్న గుడ్డ మూట తీసి, అడ్డపలక మీద పోసింది. నోట్లు, పావలాలు, పాత బేడాలు, కొత్త పైసలు అన్నీ కలిసిపోయి. నా వైపు జరిపింది.

"లెక్కపెట్టు మే," అంది. ఏడాది పాటు రోజూ సాయంత్రం ఆట మొదలుపెట్టే గొంతుతోనే అంది. ఆ ఆట చివరిసారి ఆడమని అడుగుతోంది.

"నీకొచ్చు గదత్తా. నువ్వే లెక్కపెట్టుకో," అన్నాను.

లెక్కపెట్టింది. నాకంటే రెండింతలు వేగంగా. పాతవి ఒక పక్కకు, కొత్తవి ఒక పక్కకు, కళ్ళు నా ముఖం మీద, బొటనవేలు పైసల మీద. ఎక్కడా తప్పలేదు. మొత్తం ఎంతో చెప్పి, మూట కట్టి, తమ్ముడి చేతిలో పెట్టింది. నేను నీలం పెట్టె తీసుకున్నాను. తాటాకు పైసల మూట పలక మీదే వదిలేశాను.

బోర్డింగులో చేరాను. నాకంటే చిన్న పిల్లల మధ్య, వెనక బెంచీలో. అక్కడా గోడలున్నాయి, గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, అడగకుండా గేటు దాటకూడదు. అయినా ఆ గోడలు నేను కోరుకున్నవి. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు, కోపం సగం తగ్గి, సగం సిగ్గుగా మారి, కాలవ రేవుకు వెళ్ళాను. అత్త ఆ పీట మీదే కూర్చుని ఉంది. సన్నబడింది. నేను అలవాటు కొద్దీ వంగి అడ్డపలక కింద దూరబోయాను. లేచి దారిస్తుందనుకున్నాను. కదలలేదు.

"యాడికి? బయట్నే ఉండు," అంది. "ఏం కావాల?"

ఏం అడగాలో తెలియక, కమ్మర్‌కట్లు అన్నాను. ఎన్ని అంది. అణావి అన్నాను. డబ్బాలోంచి తీసి కాగితంలో చుట్టి, పలక మీద పెట్టి, చెయ్యి చాచింది.

"ఆరు పైసలు."

నా గౌను జేబులో నెల్లూరు బస్సు చిల్లర ఉంది. ఒక అయిదు పైసలు, ఒక పైసా తీసి ఆ అరచేతిలో పెట్టాను. ఆమె వాటి వైపు చూడలేదు. బొటనవేలితో తడిమి, తల ఊపి, గల్లాపెట్టెలో వేసుకుంది. నాకు రోజూ ఊరికే పెట్టిన చెయ్యి అది. నేనిక ఆ అంగడి లోపలి దాన్ని కానని, మళ్ళీ నన్ను లోపల కూర్చోబెట్టనని ఆమె నాకు మాట ఇస్తోంది. అది తెలిసి, పొట్లం పట్టుకుని కాలవ గట్టు దాకా వెళ్ళి, ఇక ఆపుకోలేక అక్కడే కూర్చుని ఏడ్చాను.